ఇల్లు లైను, దంబదివ లైను

బుద్ధగయ,
మన వాళ్ళ యాత్రికుల సత్రం.

నా బంగారు పుతా, తిసరా,

తెరువన్ సరణై. బుద్ధుడు, ధర్మం, సంఘం, ఈ మూడింటి నీడా నీ మీద చల్లగా ఉండాలని మీ అమ్మ దీవెన. నేనిక్కడ క్షేమం. నువ్వూ, పెద్ద స్వామివారూ, మీ కొండ మీది ఆరణ్య విహారంలో ఉన్న అందరూ క్షేమమని తలుస్తాను. ఇంటి దగ్గర మీ అక్క ఉదేని, బావ, పిల్ల, చివరికి కుక్క కూడా క్షేమమేనట. పొద్దున్నే ఫోనులో చూపించింది. క్షేమం అని రాయడం వరకు బాగానే రాశాను గానీ, ఈ నాలుగు మాటలు రాసేలోపు రెండుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి ఊరికే. మా బృందం వాళ్ళంతా బస్సెక్కి రాజగృహం కొండకి వెళ్ళారు. మోకాళ్ళ వంక చెప్పి నేను ఉండిపోయాను. వంటవాడు పెరట్లో కొబ్బరి తురుముతున్నాడు. ఆ చప్పుడు తప్ప సత్రంలో ఇంకేమీ లేదు, అయినా నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు.

నీ ఉత్తరం నేను బయల్దేరే ముందు రోజు అందింది. దాన్ని చేతిసంచిలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. ఉన్నాయి నాయనా, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి ఉన్నామని చెబుతున్నాయి. నీ మోటారుసైకిలు ఏం చేశారని అడిగావు. బావకిచ్చాం. నడుపుతున్నాడు అనలేను, దాన్ని బుజ్జగిస్తూ వెంట తిప్పుకుంటున్నాడు. కేగల్లలో నువ్వు ఫోన్లు బాగుచేసిన కొట్లో నీ పనిముట్లన్నీ యజమానికే అప్పజెప్పాం. ఆయన చిన్న స్క్రూడ్రైవరొకటి చేతిలోకి తీసుకుని, “వీడి చేతికి రాని ఫోను లేదు, చివరికి ఫోనే వద్దని పోయాడు,” అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇక మూడోది అడిగావు, ఇంత హడావుడిగా సముద్రం దాటి, బుద్ధుడు తిరిగిన దంబదివకి ఇప్పుడే ఎందుకమ్మా, వచ్చే ఏడు వెళ్ళకూడదా అని. దానికి జవాబు తర్వాత రాస్తాను. ముందు ఫోను సంగతి చెప్పనీ.

నువ్వు ఆరణ్యానికి పోతూ నా చేతిలో పెట్టిన నీ ఫోనే తెచ్చుకున్నాను. అందులో ఫోటోలన్నీ తుడిచేసి ఇచ్చావు గానీ నీ బొటనవేలి ముద్ర తియ్యడం మర్చిపోయావు. ఉదేని తీసేస్తానంటే దాని చెయ్యి మీద కొట్టాను. ఉండనీ, ఎవరికి అడ్డం?

పెద్ద స్వామివారు ఏమన్నారో నీకు తెలుసు. తండ్రి లేడు కాబట్టి తల్లి మాట కావాలి, తల్లి అనుమతి చెవితో విన్నాకే నిన్ను భిక్షువుని చేసి చీవరం ఇస్తానన్నారు. ఆ రోజుకి నేను ఊళ్ళో ఉండనని తెలిసి, ఫోనులో చెప్పినా చాలునన్నారు. మీ అక్క ఇక ఊరుకుంటుందా?

“అమ్మా, నువ్వు ఇండియాలో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే చేస్తాను. స్వామివారు ఫోను చేస్తే సరేనండమే నీ పని,” అంది.

“అక్కడ మన సిమ్ముకి నెట్ రాదంటగా?” అన్నాను, రాకపోతే బాగుండునని లోపల అనుకుంటూ.

“అందుకే ఈసిమ్ కొన్నాను. ఇది చేత్తో పట్టుకునే సిమ్ము కాదు. ఈ గళ్ళ బొమ్మ ఉంది చూడు, దీన్ని ఫోనుకి చూపిస్తే లోపలికి పోయి కూర్చుంటుంది. నీ పాత సిమ్ము దాని చోట అది ఉంటుంది.”

“బొమ్మ చూపిస్తే చాలా? అన్నం బొమ్మ చూపిస్తే కడుపు నిండుతుందా?”

“నీకు నిండదులే. ఇటివ్వు ఫోను.”

ఆ ఫోను ఈసిమ్‌ని తీసుకుంటుందో లేదో చూడడానికి స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కింది. పొడుగాటి అంకెల వరసలు వచ్చాయి. “తీసుకుంటుంది!” అని ఎగిరి గంతేసింది. మంచి ఘడియ చూడకుండా పెట్టనివ్వనన్నాను. అది అక్కడికక్కడే జ్యోతిష్యుడికి ఫోను చేసి, ఆ మధ్యాహ్నానికే ఘడియ పెట్టించింది. తూర్పు గదిలో తూర్పు ముఖంగా కూర్చుంటే గానీ కుదరదన్నాను.

“తూర్పు గదిలో వైఫై రాదమ్మా తల్లీ! పడమటి గదిలోనే వస్తుంది. నెట్ లేకపోతే ఇది ఎక్కదు.”

“అయితే రేపు చూద్దాం.”

“రేపేం వద్దు. పడమటి గదిలో తూర్పుకి తిరిగి కూర్చో.”

అలాగే కూర్చోబెట్టింది. దీపం కూడా వెలిగించింది, నన్ను వెక్కిరించడానికే. దాని ఫోనులో బొమ్మ, నా ఫోను కెమెరా దాని మీద. కాసేపు ఏదో తిరిగింది, ఆ తర్వాత లోపలికి పోయి కూర్చుంది. రెండు లైన్లకీ పేర్లు పెట్టమని ఫోను అడిగింది. పాతదానికి ‘ఇల్లు’ అని, కొత్తదానికి ‘దంబదివ’ అని పెట్టింది. ఆ పైన పాఠం మొదలుపెట్టింది. “విమానం దిగాక దంబదివకి రోమింగ్ ఆన్ చెయ్యి, నెట్ అంతా దాని మీదే నడుస్తుంది. ఇల్లు లైనుకి నెట్ ఆపేశాను, మాటలకి మాత్రం ఉంచాను. కంపెనీకి చెప్పి అక్కడ కూడా మోగేటట్టు చేయించాను. దంబదివ లైనుకి నంబరు లేదు, దానికి ఎవరూ ఫోను చెయ్యలేరు. వాట్సాప్ ఎలాగూ నెట్ మీదే వస్తుంది. కానీ ఆరణ్యంలో ఉన్నది బటన్ల ఫోను. ఇల్లు లైను ఆగిందా, స్వామివారు నీకు అందరు. ఏం ముట్టుకున్నా దాన్ని మాత్రం ముట్టుకోకు. ఈసిమ్‌ని కూడా తీసెయ్యకు, తీసేస్తే ఆ బొమ్మ మళ్ళీ పనిచెయ్యదు. అర్థమైందా?”

అర్థమైందన్నాను. నిజంగానే బాగా అర్థమైంది. మళ్ళీ లేచి వచ్చాను, కాగితం ఎగిరిపోకుండా మందుల డబ్బా పెట్టాను.

గయలో దిగాక దంబదివ లైను చెప్పినట్టే లేచింది. చెకింగు వరసలో ఉండగానే ఉదేని మొహం ఫోనులో ప్రత్యక్షం. “చూశావా! చూశావా!” అని ఒకటే అరుపు. కానీ అందరికీ అంత సులువుగా అవలేదు. పక్కవాడ యసవతి అక్క నీకు గుర్తుందిగా? ఆవిడ కోడలు ఈసిమ్ బొమ్మని కాగితం మీద వేయించి, ప్లాస్టిక్ పొర అతికించి, యాత్ర కార్డుతో కలిపి ఆవిడ మెడలో వేసి పంపింది. ఆవిడ ఆ కార్డే సిమ్ము అనుకుంది. పాస్‌పోర్టు అడిగిన ఆఫీసరుకి అదే చూపించింది. ఆ తర్వాత ఫోను తొడుగు ఊడదీసి, వెనకాల కార్డు దోపి, ఎంతకీ నెట్ రాలేదని ఫోనుని దులుపుతూ నిలబడింది.

అది చూసి మా బృందంలో పెద్దాయన, పియసిరి మహత్తయ ముందుకొచ్చారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, తెలియనిది లేదన్నట్టు ఉంటారు. “ఇలా కాదు అక్కా, ఇలా స్కాన్ చెయ్యాలి,” అని చూపించడానికి తన ఫోనుతోనే స్కాన్ చేశారు. అడిగిన ప్రతిదానికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయారు. ఆవిడ ఈసిమ్ కాస్తా ఆయన ఫోనులోకి పోయి కూర్చుంది. ఒకసారి ఒక ఫోనులోకి పోతే ఇంకో ఫోనులోకి రాదుగా. యసవతి అక్క మెడలో ఉత్త బొమ్మ మిగిలింది.

“పొద్దున్నే పన్సిల్, ఐదు శీలాలూ చెప్పి, సాయంత్రానికి నా సిమ్ము ఎత్తుకుపోయాడు!” అని బస్సు మొత్తం వినేలా అరిచింది.

“నేను ఎత్తుకుపోలేదు అక్కా, అదే వచ్చి దూరింది!”

“ఇవ్వనిది తీసుకోకూడదన్న శీలం ఉందా లేదా?”

“మీరే కదా చేతికిచ్చారు!”

“చూడమని ఇచ్చాను, మింగమని ఇచ్చానా?”

చివరికి తేలిందేమిటంటే, ఆయన ఫోను నుంచి ఆవిడ ఫోనుకి నెట్ పంచాలి. పంచాలంటే పక్కనే ఉండాలి. ఇప్పుడు ఆవిడ ఎక్కడికి పోతే ఆయన అక్కడ. దండం పెట్టుకుంటూ మధ్యలో కళ్ళు తెరిచి, “మహత్తయా, ఇంకాస్త దగ్గరికి జరగండి, ఫోనులో నా మనవరాలు ఆగిపోయింది,” అంటుంది. ఇద్దరికీ ఇంట్లో తోడు పోయింది, బృందంలో ఆడవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. ఆ రెండు రోజులూ బాగానే నవ్వాను పుతా, నీ రోజు ఇంకా రాలేదని.

నీ రోజు వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు గానీ ఉదేని మా బృందం స్వామివారికి వాట్సాప్‌లో ముందే చెప్పి ఉంచింది. ఇక చూడు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని, బోధి కింద నా చుట్టూ చేరారు. ఫోను నా ఒళ్ళో. మోగగానే నేను అనుమతిచ్చానని చెప్పాలి, వీళ్ళంతా సాధు సాధు అనాలి. యసవతి అక్క తామరపూలు కొనుక్కొచ్చింది. “ఎంత పుణ్యం చేసుకున్నావే బిసో, కొడుకుని బుద్ధ శాసనానికి ఇస్తున్నావు, అదీ ఈ చెట్టు కింద కూర్చుని!” అని నా కాళ్ళకి దండం పెట్టబోయింది. అనుకున్న వేళ దాటింది. ఫోను మోగలేదు. “మోగిందా?” అని ఒకరు, “సౌండు తగ్గించావేమో” అని ఒకరు. పియసిరి మహత్తయ చెయ్యి చాపితే ఫోను ఇవ్వలేదు.

అంతలో ఉదేని వాట్సాప్‌లో వచ్చింది, మొహమంతా తడి.

“అమ్మా, ఎందుకు కలవట్లేదు? స్వామివారు ఎన్నిసార్లు చేయించారో! అందుబాటులో లేదంటోంది.”

“నాకేం రాలేదే.”

“ఇల్లు లైను ఆన్‌లోనే ఉందా?”

“ఉంది.”

“సరిగ్గా చూడమ్మా.”

“చూశాననే కదే చెబుతున్నా. నీ ఈసిమ్మే ఏదో తిక్క చేసింది.”

అది ఫోను కింద పెట్టేసి ఏడ్చింది. నాకు ఇంటి పైకప్పు కనిపిస్తూ దాని గొంతు వినిపించింది. “నేనే ఏదో తప్పు పెట్టాను. వాడు తల గొరిగించుకుని తెల్లబట్టల్లో కూర్చున్నాడమ్మా. మిగతా ఇద్దరికీ చీవరాలు ఇచ్చేశారు. వాడొక్కడే అలా ఉండిపోయాడు. అంతా నా వల్లే.” ఇటువైపు పియసిరి మహత్తయ, “ఈ కొత్తరకం సిమ్ములన్నీ ఇంతే! యసవతి అక్కది నా దాంట్లో దూరలేదూ!” అన్నారు. అందరూ తల ఊపారు. నేను కూడా ఊపాను.

ఇప్పుడు చెబుతాను పుతా. ఈసిమ్ ఏ తిక్కా చెయ్యలేదు. మీ అక్క పెట్టినదాంట్లో తప్పేమీ లేదు. ఇల్లు లైను ఆపినది నేనే.

ఆ ఉదయమే ఆపాను. అందరూ కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నారు. నేను సెట్టింగుల్లోకి పోయి, ఇల్లు అన్న పేరు మీద నొక్కాను. ఈ లైను ఆపమంటావా అని ఫోను మళ్ళీ అడిగింది. అవునని నొక్కాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే నీకు కాస్త జాలి కలుగుతుందేమో గానీ, వణకలేదు. పైన దంబదివ సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి, ఉదేని ఫోటోలు వస్తున్నాయి, పోతున్నాయి. నువ్వు మాత్రం నాకు అందవు, నేను నీకు అందను. అదే కావాలనుకున్నాను.

నీ మూడో ప్రశ్నకి కూడా ఇదే జవాబు. స్వామివారు రోజు చెప్పాకే నేను యాత్రకి పేరిచ్చాను. దేశంలో లేకపోతే అడగరనుకున్నాను. నేను తప్పించుకుందామని బయల్దేరితే, మీ అక్క ఫోనులో దారం కట్టి నన్ను లాగింది. పుణ్యక్షేత్రాలు చూడడానికి వచ్చానని అందరితో అన్నాను. నిజానికి నీ నుంచి పారిపోయి వచ్చాను.

నాకు భయం వేసింది పుతా. చీవరం కట్టాక నువ్వు నా కొడుకువి కావని ఎవరూ అనరు. కానీ నిన్ను హాముదురువనే, స్వామీ అని పిలవాలి. మోకాళ్ళ మీద వంగి నీకు మొక్కాలి. నువ్వు కూర్చున్నచోట నేను ఎత్తులో కూర్చోకూడదు. నీకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూడకూడదు. అన్నం దానం చెయ్యొచ్చు గానీ, ఇంకో ముద్ద తినరా అని తిట్టకూడదు. మీ నాన్న పోయిన రోజు నువ్వు నా భుజం పట్టుకుని నిలబెట్టావే, రేపు నేను పోయినా నువ్వు శవం పక్కన కూర్చుని ధర్మం చెబుతావు, నా చెయ్యి పట్టుకోవు. అందరికీ పుణ్యం కనిపిస్తోంది. నాకేమో నువ్వు కనిపించకుండా పోతున్నట్టుంది. కుళ్ళి కుళ్ళి ఏడ్చే వయసు కాదు, పోనీ నవ్వేద్దామంటే రావడం లేదు.

ఆ సాయంత్రం బస్సులో యసవతి అక్క తన సిమ్ము పంచాయితీ మా బృందం స్వామివారి ముందు పెట్టింది. శీలం చెడిందా లేదా తేల్చమంది. ఆయన నవ్వి, “పియసిరి మహత్తయకి తెలిసి చేశారా?” అని అడిగారు. తెలియక చేశానన్నారాయన. “తెలియకపోతే చెడలేదు. తెలిసి చేసి, తెలియనట్టు ఊరుకుంటే చెడుతుంది,” అన్నారు. బస్సంతా సాధు సాధు అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు పొద్దున్నే నేనూ అందరితో కలిసి అబద్ధం ఆడనని చెప్పినదాన్నే. బస్సు దిగేదాకా ఎవరి మొహమూ చూడలేకపోయాను.

మర్నాడు ఉదేని మళ్ళీ వచ్చింది. నీ దగ్గరికి వెళ్ళి వచ్చిందట.

“వాడికేం కోపం లేదమ్మా. ఈసిమ్ వల్ల ఇలా అయిందిరా తమ్ముడూ, నన్ను క్షమించు అన్నాను. వాడేమన్నాడో తెలుసా? ‘ఈసిమ్ దాని పని అది చేస్తుంది అక్కా. దాని మూలంగా ఇల్లు లైను ఆగదు. అమ్మ ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు చూద్దాం. అమ్మని ఏమీ అడక్కు’ అన్నాడు. పొరపాట్న నువ్వేమైనా నొక్కావేమో, ఒకసారి చూడమ్మా.”

“నేనేం నొక్కలేదు,” అన్నాను. రెండోసారి.

కానీ నీకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. తెలియక ఎలా ఉంటుంది? ఆ ఫోను లోపల ఏ తీగ ఎక్కడుందో నీకు తెలుసు, నా లోపల కూడా తెలుసు. తిట్టి ఉంటే బాగుండేది. ఎందుకమ్మా ఇలా చేశావని ఒక్క మాట కబురు పంపి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. తల గొరిగించుకుని, తోటివాళ్ళు చీవరాల్లోకి పోతుంటే పక్కన కూర్చుని, అమ్మ ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు అన్నావు. అప్పటి నుంచీ నాకు తిండి లేదు, కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. రెండు రోజులుగా ఇంతే. చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే మీ భక్తి గొప్పదని పక్కవాళ్ళు దారి ఇస్తున్నారు.

నిన్న మధ్యాహ్నం ఇల్లు లైను ఆన్ చేశాను. నేనే ఆరణ్యానికి ఫోను చేశాను. కొండ కింద ఫోను దగ్గరుండే ఉక్కుబండ మామ ఎత్తి, నిన్ను పిలుచుకొస్తానని పైకి ఎక్కాడు. ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. మీ కొండ మీది కీచురాళ్ళు వినిపించాయి. తర్వాత నీ అడుగులు, తర్వాత “అమ్మా” అన్నావు. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. “తిన్నావా?” అని అడిగాను.

“మధ్యాహ్నం దాటాక తినం కదమ్మా, ఇక రేపే,” అని నవ్వావు.

“సరే అయితే,” అని పెట్టేశాను. మీ అమ్మ ఇంతే. కొడుకుని ధర్మానికి ఇవ్వమంటే అన్నం తిన్నావా అని అడిగి ఫోను పెట్టేసింది.

నోటితో అవదని తెలిసింది గనకే ఈ కాగితాలు తీశాను. రాసి సంతకం పెట్టి పంపినా సరిపోతుందని స్వామివారు చెప్పారని ఉదేని అంది. వచ్చే పోయ పున్నమి రోజున మళ్ళీ చీవరం ఇస్తారట, అది దాటితే ఆయన వేరే ఆరణ్యానికి పోయి వర్షాకాలం అయ్యాకే వస్తారట. ఆ పోయ నాటికి నేను ఇంకా ఇక్కడే ఉంటాను. అంటే ఇప్పుడు ఇచ్చానంటే, తెల్లబట్టల్లో ఉన్న నిన్ను ఇక చూడను. తిరిగొచ్చాక నేను చూసేది కొడుకుని కాదు, ఒక స్వామివారినే.

అందుకే మొదటి కాగితం మీద, నేను వచ్చేదాకా ఆగు నాయనా, ఒక్కసారి నీ తల మీద చెయ్యి వేసి, నా చేత్తో కొబ్బరిపాల అన్నం, కిరిబత్ తినిపించి పంపిస్తాను, అని రాశాను. రాసి రెండుసార్లు చదువుకున్నాను. తప్పేముంది అందులో, ఏ తల్లైనా అడిగేదే. నువ్వు ఆగుతావని కూడా తెలుసు. అక్కడే ఆగిపోయాను పుతా. నేను ఎన్నాళ్ళు ఆపితే అన్నాళ్ళు ఆగుతావు. ఈ పోయ ఆపితే వర్షాకాలం దాకా ఆగుతావు, అప్పుడు నాకు ఇంకో మోకాలి నొప్పి వస్తుంది, ఇంకో యాత్ర వస్తుంది. నువ్వు ఒక్క మాట అనకుండా గుండుతో మెట్ల మీద కూర్చుని ఉంటావు. అలా కూర్చోబెట్టి నిన్ను దగ్గర ఉంచుకున్నానని ఎలా అనుకోను? ఆ కాగితం చింపేశాను.

ఇవన్నీ ఫోటోలు తీసి దంబదివ లైను మీద మీ అక్కకి పంపుతాను. అది అచ్చు వేయించి నీ దగ్గరికి పట్టుకొస్తుంది.

ఉదేనీ, ముందు నువ్వే చదువుతావని నాకు తెలుసు, ఇది నీకు కూడా. నువ్వు పెట్టింది సరిగ్గానే పెట్టావు. నీ ఏడుపు చూసి కూడా ఊరుకున్నాను, దానికి నన్ను నాలుగు తిట్టు, పడతాను. కానీ ఒక పని చెయ్యి. పోయ రోజు తెల్లవారకముందే కిరిబత్ వండి తీసుకెళ్ళు. కొబ్బరిపాలు చిక్కగా పొయ్యి, నీలాగా నీళ్ళు కలపకు. చీవరం కట్టకముందే నీ చేత్తో వాడికి తినిపించు. తర్వాత తల మీద చెయ్యి పెట్టు. ఊరికే తాకి తీసెయ్యకు, కాసేపు ఉంచు. అది నా చెయ్యి అని వాడికి చెప్పు.

పుతా, బస్సు వచ్చిన చప్పుడవుతోంది. గేటు దగ్గరే యసవతి అక్క గొంతు, వెనకాలే పియసిరి మహత్తయ గొంతు. వాళ్ళు లోపలికి వచ్చేలోపు ముగించాలి, లేకపోతే మళ్ళీ మనసు మారుతుందేమోనని భయంగా ఉంది.

పెద్ద స్వామివారికి నా నమస్కారాలు చెప్పి, ఈ కింది మాటలు చూపించు.

నా కొడుకు తిసర భిక్షువు కావడానికి నేను మనస్ఫూర్తిగా అనుమతి ఇస్తున్నానని రాయబోయాను. మనస్ఫూర్తిగా అన్న మాట కొట్టేశాను స్వామీ, ఇప్పటికే రెండు అబద్ధాలు చెప్పి ఉన్నాను. మనసు ఇంకా ఒప్పుకోలేదు. దాన్ని ఒప్పించుకునేదాకా వాణ్ణి ఆపకండి. అనుమతి ఇస్తున్నాను.

ఇట్లు,
తిసర తల్లి,
హేరత్ ముదియన్సేలాగే బిసో మెనికే.